అటక మీద బిగుసుకుపోయిన పాత సింగర్ మిషన్: అమ్మేయాలా, బాగుచేసుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: మీ నాయనమ్మ గారు వాడిన సింగర్ తొక్కుడు మిషన్ ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయింది, ఇప్పుడు దింపితే చేతి చక్రం ఒక్క అంగుళం కూడా కదలడం లేదు. మెకానిక్ చూసి లోపలంతా తుప్పు పట్టింది, స్టాండు ఉంచుకుని తల (స్టాండు మీద కూర్చునే కుట్టే యంత్రం) మార్చేద్దాం అన్నాడు. ఇంకొకాయన ఆ పాత తల తనకి ఇచ్చేయమని వెంటపడుతున్నాడు. బాబిన్ కేసు (కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే చిన్న డబ్బీ) ఎడమ పక్క నుంచి పెట్టేది, మిషన్ నంబరు వై అక్షరంతో మొదలవుతోంది. ఇది బాగవుతుందా, మీరే చేసుకోగలరా, దీనికి విలువేమన్నా ఉందా?

ముందు సూటిగా చెప్తాను. తల మార్చకండి, ఎవరికీ ఇవ్వకండి, ఇప్పుడే రంగు వేయించకండి. నూటికి తొంభై పాళ్లు అది బాగవుతుంది, అందులో ఎక్కువ పని మీ చేత్తో మీరే చేసుకోవచ్చు. కావలసినవి మిషన్ నూనె, కాస్త కిరోసిన్, పాత కాటన్ బట్టలు, రెండు మంచి స్క్రూడ్రైవర్లు, తొందరపడని మనసు. పాత కుట్టు మిషన్లు బాగుచేయడం, మంచివి దొరికితే దాచుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న పని. బిగుసుకుపోయిందని నా దగ్గరికి వచ్చిన తలల్లో నిజంగా తుప్పుతో చచ్చినవి చాలా తక్కువ. మిగతావన్నీ ఎండిపోయిన నూనెతో అతుక్కుపోయినవే.

ఈ తేడా మెకానిక్‌కి తెలియదని కాదు. ఒక తలని పూర్తిగా శుభ్రం చేయడానికి రెండు మూడు రోజులు నానబెట్టి, మధ్యమధ్యలో కదిలించి చూడాలి. దానికి ఎవరూ సరిపడా కూలి ఇవ్వరు. కొత్త తల అయితే అరగంటలో బిగించి డబ్బు తీసుకుని వెళ్లొచ్చు. ఆయన బతుకుతెరువు ఆయనది, నేను తప్పుపట్టను. కానీ మీ మిషన్‌కి ఏం కావాలన్నది వేరే విషయం.

మీ దగ్గరున్నది ఏ మిషన్? నంబరు ముందు అక్షరం ఉందంటే 1900 తర్వాతిది. అంతకు ముందు సింగర్ వాళ్లు అంకెలే వేసేవారు. వై సిరీస్ స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది, 1920లలో, 30ల తొలి సగంలో తయారైనవి. ఆ ఫ్యాక్టరీ 1885లో మొదలై 1980లో మూతపడింది. మంచి రోజుల్లో ఏడాదికి పది లక్షలకు పైగా మిషన్లు పంపేవాళ్లు. ఇప్పటికీ ఆ ఊళ్లో ఒక రైల్వే స్టేషన్ పేరు సింగరే. బాబిన్ కేసు ఎడమ పక్క నుంచి పెట్టేది అంటున్నారు కాబట్టి ఇది 15కె తరగతి అయి ఉంటుంది. ఆ చివర 'కె' కిల్‌బౌవీకి గుర్తు, క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ ఉన్న చోటు అదే. సరిగ్గా ఏ ఏడాది, ఏ బ్యాచ్ అన్నది కావాలంటే అంతర్జాతీయ కుట్టు మిషన్ల సేకర్తల సంఘం, ఇస్మాక్స్, వాళ్ల నంబర్ల పట్టికలో చూసుకోవచ్చు.

15కె అని విన్నాక నేను ఇంత ధైర్యంగా బాగుచేసుకోమనడానికి ఒక కారణం ఉంది. మన ఉషా, మెరిట్, లూధియానాలో తయారయ్యే లెక్కలేనన్ని ఇంటి మిషన్లు, అన్నీ ఈ 15 తరగతి డిజైన్ మీదే నడిచాయి. (మెరిట్ అంటే వేరే కంపెనీ అనుకుంటారు చాలామంది. సింగర్ వాళ్లే ఇండియాలో వాడిన పేరు అది, ఐజాక్ మెరిట్ సింగర్ పేరులోని నడిమి ముక్క.) అందువల్ల బాబిన్, బాబిన్ కేసు, షటిల్ (పై దారాన్ని కింది దారంతో కలిపే భాగం), ఫుట్ (గుడ్డని నొక్కి పట్టేది), బెల్టు ఇవన్నీ ఇవాళ కూడా జిల్లా కేంద్రంలో ఏ మిషన్ల షాపుకి వెళ్లినా దొరుకుతాయి. దాదాపు వందేళ్ల నాటి ఇంకే యంత్రానికైనా మన ఊళ్లో సామాను ఇంత తేలిగ్గా దొరుకుతుందా చెప్పండి. అదే పడవ ఆకారం షటిల్ ఉండే ఇంకో సింగర్ మోడల్, 28కె అయితే దాని పొడుగు బాబిన్ల కోసం మీరు నెలల తరబడి వెతకాల్సి వచ్చేది.

ఇప్పుడు పని. తల స్టాండు మీద ఉండగానే మొదలుపెట్టొచ్చు కానీ కింద వైపు చేతులు పట్టాలంటే తీసి బల్ల మీద పెట్టుకోవడం మేలు. తలని వెనక్కి వాల్చితే అడుగున రెండు కీళ్లు కనిపిస్తాయి, వాటి స్క్రూలు వదులు చేస్తే తల పైకి వచ్చేస్తుంది. పోత ఇనుము, బాగా బరువు ఉంటుంది, ఇద్దరు పట్టుకోండి. కింద దుప్పటి పరవండి.

చక్రం తిరగడం లేదని బలం పెట్టకండి. పానా వేసి తిప్పడం అస్సలు వద్దు. ముందు అడ్డం ఎక్కడుందో కనుక్కోవాలి. చేతి చక్రం నడుమ ఒక పెద్ద గుండ్రటి స్క్రూ ఉంటుంది, బాబిన్‌కి దారం చుట్టేటప్పుడు వదులు చేస్తామే, అది. దాన్ని మీ వైపుకి తిప్పి వదులు చేసి చక్రాన్ని మాత్రం కదిపి చూడండి. చక్రం ఒంటరిగా హాయిగా తిరిగి సూది కదలకపోతే అడ్డం తల లోపల ఉన్నట్టు. చక్రం కూడా కదలకపోతే ఆ చక్రం బుష్ దగ్గరే నూనె గడ్డకట్టినట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది, అయినా దీన్ని చేసి చూసేవాళ్లు తక్కువ.

తర్వాత షటిల్ ఉండే చోటు. సూది తీసేయండి, బాబిన్ కేసు బయటికి లాగండి. లోపల షటిల్‌ని పట్టి ఉంచే కవరు కొన్నింటికి స్క్రూలతో, కొన్నింటికి పక్కకి తిప్పే లాచ్‌తో ఉంటుంది. విప్పి షటిల్ తీసి, అది తిరిగే గాడిలో టార్చి వేసి చూడండి. నల్లటి పీచు ముద్దలు, వాటి మధ్య ఎప్పుడో తెగిన దారం ముక్క ఒకటి ఇరుక్కుని కనిపిస్తుంది. దారం గాడికి, షటిల్ అంచుకి మధ్య బిగిసిందంటే వెంట్రుకంత ముక్క అయినా మొత్తం మిషన్‌ని ఆపేస్తుంది. సూదిమొనతోనో పట్టకారుతోనో లాగేయండి. ఒకసారి ఒక దర్జీ కొడుకు తెచ్చిన తలకి నేను ఇంతకు మించి ఏమీ చేయలేదు. రెండంగుళాల ఎర్ర దారం ముక్క బయటికి వచ్చింది, చక్రం తిరిగింది. ఆ తలని తుక్కు కింద తూకానికి వేయబోయారు వాళ్లు.

అక్కడ ఏమీ లేకపోతే ఎండిన నూనె అని ఖాయం చేసుకోండి. మన ఇళ్లలో ఇది ఎందుకు ఎక్కువంటే, మిషన్ నూనె సీసా అయిపోతే చేతికందిన కొబ్బరి నూనె పోసేవాళ్లు, లేదంటే ఆముదం. ఆ పూటకి మిషన్ మెత్తగా నడుస్తుంది. చలికాలం రాగానే కొబ్బరి నూనె పేరుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ దుమ్ముతో కలిసి గోధుమరంగు జిగురుగా, ఆ తర్వాత వార్నిష్ లాంటి గట్టి పొరగా మారుతుంది. మూత విప్పితే సూది కడ్డీ మీద తేనెరంగు పొర కనిపించిందా, గోటితో గీరితే పెచ్చులా లేచిందా? అయితే సంతోషించండి, అది తుప్పు కాదు. తుప్పు అయితే ఎర్రటి పొడి రాలుతుంది, కింద లోహం గుంటలు పడి ఉంటుంది.

ఎడమ చివర మూత, వెనకవైపు గుండ్రటి మూత విప్పండి. సూది ఉండే కడ్డీ, ఫుట్ ఉండే కడ్డీ, దారం లాగే లీవరు, పైన నూనె చిల్లులు, అడుగున కడ్డీలు కదిలే ప్రతి కీలు. ఇనుముకి ఇనుము రాసుకునే చోటల్లా కిరోసిన్ చుక్కలు వేయండి. కిరోసిన్ దొరక్కపోతే షాపుల్లో దొరికే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే వాడొచ్చు, కాకపోతే అది జిడ్డు వదిలించడానికే, దాన్నే మిషన్ నూనె అనుకుని వదిలేస్తే కొన్నాళ్లకి మళ్లీ మొదటికొస్తుంది. కిటికీలు తీసి పెట్టుకోండి, దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు. రాత్రంతా నాననిచ్చి పొద్దున చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపండి. కదలకపోయినా ఫర్వాలేదు. మళ్లీ చుక్కలు, మళ్లీ ఎదురుచూపు.

ఒక దశలో కిరోసిన్ కూడా లోపలికి ఇంకదు. అప్పుడు కిరోసిన్ తుడిచేసి, ఆరనిచ్చి, హెయిర్ డ్రయర్ తీసుకోండి. పైభాగం, సూది కడ్డీ దూరే చోటు, అడుగున కీళ్లు ఒక్కొక్కటీ చెయ్యి పెట్టలేనంత వేడి అయ్యేదాకా ఊదించి వెంటనే మిషన్ నూనె వేసి ఊపండి. వేడికి ఆ జిగురు మెత్తబడుతుంది. కాకినాడ నుంచి వచ్చిన ఒక 15కె నాలుగు రోజులు కిరోసిన్‌లో నానినా ఉలకలేదు, డ్రయర్‌తో మాత్రం మొదట సూది కడ్డీ గింజంత కదిలింది, తర్వాత చక్రం పావు చుట్టు వచ్చింది, ఆ పైన నల్లటి ద్రవం కీళ్లలోంచి కారడం మొదలైంది. ఆ నలుపు రావడమే మంచి గుర్తు. అది కారినంతసేపూ తుడుస్తూ, కొత్త నూనె వేస్తూ, చక్రం తిప్పుతూనే ఉండాలి. నూనె తెల్లగా వచ్చేదాకా ఆపకండి.

స్క్రూల విషయంలో ఒక హెచ్చరిక. సింగర్ స్క్రూల మరలు మన మార్కెట్ మరలతో కలవవు. ఒకటి పోయిందని హార్డ్‌వేర్ షాపులో దగ్గర సైజుది తెచ్చి బలవంతంగా ఎక్కిస్తే తలలోని మరలు పాడవుతాయి, అది ఇక బాగుకాదు. విప్పిన ప్రతి స్క్రూని ఏ చిల్లులోంచి తీశారో ఆ చిల్లుకే తిరిగి పెట్టండి, ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటూ పోండి. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చోవాలి, సన్నది వాడితే గాడి అంచులు తినేస్తుంది. మొండికేసిన స్క్రూ తల మీద టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ మొన కొంచెంసేపు ఆనించి వేడి చేసి, చల్లారాక తిప్పండి.

మిషన్ తిరగడం మొదలైంది కానీ తొక్కితే చక్రం ఒక్కటే తిరిగి సూది జారిపోతోందంటే నడుమ స్క్రూ లోపలి వాషరు చూడండి. పెద్ద స్క్రూ మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది, ముందు అది వదులు చేస్తే పెద్దది ఊడుతుంది. దాని వెనక చెవులున్న వాషరు ఒకటి ఉంటుంది, లోపలి వైపు రెండు చెవులు, బయటి వైపు మూడు. తీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టాక పట్టు దొరక్కపోతే అదే వాషర్‌ని సగం చుట్టు తిప్పి పెట్టి చూడండి. మెకానిక్‌లు కూడా క్లచ్ పోయిందనేసే కేసుల్లో చాలావాటికి మందు ఇంతే. ఈ వాషరు దగ్గర నూనె మాత్రం వేయకండి, రాపిడి మీదే అది పనిచేస్తుంది. అలాగే దారం నొక్కే టెన్షన్ బిళ్లల మధ్యా, బెల్టుకీ నూనె తగలకూడదు.

ఇక బొమ్మలూ బంగారు గీతలూ. నా మనసుకి బాగా దగ్గరైన సంగతి ఇది, ఎక్కువ నష్టం జరిగేది కూడా ఇక్కడే. పాత సింగర్ తల మీది నల్లరంగు, బంగారు డిజైన్ల మీద లక్క పొర ఉంటుంది. స్పిరిట్, శానిటైజరు, థిన్నరు ఏది తగిలినా లక్క కరిగి కింది డిజైన్ గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. అద్దాలు తుడిచే స్ప్రేలు వాడితే బంగారు రంగు వెలిసిపోయి వెండిలా అయిపోతుంది. గిన్నెలు తోమే పీచు గురించి చెప్పనక్కర్లేదు. మిషన్ నూనెలో ముంచిన మెత్తటి కాటన్ బట్ట, అంతే. డిజైన్ల మీద అదిమి రుద్దకుండా నూనె పూసి కాసేపు ఉంచి తుడవండి. పొగ, వంటింటి జిడ్డు, పేరుకున్న మురికి పొరలు పొరలుగా వదులుతాయి, పసుపుగా మసకగా కనిపించిన చోట బంగారు తీగలు బయటపడతాయి. సగం చెరిగిపోయి ఉన్నా సరే, ఆ సగాన్ని అలాగే ఉంచండి. మీ నాయనమ్మ గారు బట్ట తోసిన చోట, ఆవిడ ముంజేయి ఆన్చిన చోట అరిగి ఉంటుంది చూడండి, ఆ అరుగుదలని పోగొట్టుకోవడం ఎందుకు?

రంగు వేయించి కొత్త స్టిక్కర్లు అంటించిన తలలు హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేను చాలా చూశాను. దూరం నుంచి మెరుస్తాయి. దగ్గరికెళ్లి నంబరు ఉన్న చోటు తడిమితే అంకెల మీదా రంగే, నూనె చిల్లుల్లోనూ రంగే. కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: నంబరు చదవగలిగేలా ఉండాలి, నిలువు స్తంభం మీద ఇత్తడి బిళ్ల రివిట్లతో ఉండాలి, నూనె చిల్లులు తెరిచి ఉండాలి. పేరు సింగర్‌కి దగ్గరగా ఉండి ఒక అక్షరం తేడాగా ఉన్నవీ వస్తాయి, కుట్టడానికి మంచివే కావచ్చు, సింగర్ ధర పెట్టకండి.

నికెల్ పూత ఉన్న భాగాల మీద, అంటే ప్లేటు, చక్రం అంచు, మూత, వీటి మీద నిజమైన తుప్పు ఉంటే చాలా సన్నటి స్టీల్ వూల్‌ని నూనెలో ముంచి నెమ్మదిగా రుద్దండి. నల్లరంగు మీదికి పోనివ్వకండి. యాసిడ్ పోసి కడిగే వాళ్ల మాట అస్సలు వినొద్దు, ఆ రోజు తళతళలాడుతుంది, నెల తిరక్కుండా మళ్లీ ఎర్రబడుతుంది.

తల తిరిగింది, శుభ్రమైంది. కుట్టు పడుతుందా? ఇక్కడ కొత్తవాళ్లు అందరూ చేసేది టెన్షన్ స్క్రూ తిప్పడం. టెన్షన్ చివరికి ముట్టుకోవలసింది. ముందు కొత్త సూది వేయండి, ఇంటి మిషన్లకి వాడే, మెడ ఒక వైపు చదునుగా ఉండే సూది. మామూలు జాకెట్టు గుడ్డకి 14 నంబరు, మందం గుడ్డకి 16. (గుండ్రటి మెడ సూది 31కె లాంటి పెద్ద టైలర్ మిషన్లకి, పొరపాటున అది ఎక్కిస్తే కుట్టు తప్పుతూనే ఉంటుంది.) సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది, దారం ఆ గాడి ఉన్న వైపు నుంచి కంట్లోకి వెళ్లాలి, చదును వైపు షటిల్‌కి ఎదురుగా ఉండాలి. ఇది ఒక్కో మోడల్‌కి ఒక్కో దిక్కు. 66కె అయితే ముందు నుంచి వెనక్కి, పక్కల నుంచి కాదు. సూది పైదాకా పూర్తిగా తోసి బిగించండి.

దారం కూడా కొత్తది కొనండి. నాయనమ్మ గారి డ్రాయర్లో ఉన్న రీళ్లు అందంగా ఉంటాయి, దాచుకోండి, కానీ పాత నూలు దారం పుచ్చిపోయి ఉంటుంది, రెండు చేతులతో లాగితే పుటుక్కున తెగుతుంది. అలాంటి దారం వేసి మిషన్ దారం తెంపుతోందని తిట్టడం న్యాయం కాదు. ఫుట్ పైకెత్తి దారం ఎక్కించండి, అప్పుడే టెన్షన్ బిళ్లలు విడివడి దారం వాటి మధ్యలోకి దిగుతుంది. కుట్టేటప్పుడు ఫుట్ దించితే అవి మళ్లీ బిగుస్తాయి.

ఆ తర్వాత బాబిన్ కేసు. దారం కొస పట్టుకుని కేసుని గాలిలో వేలాడదీయండి. ఊరికే పట్టుకుంటే ఆగాలి, చెయ్యి చిన్నగా ఝాడిస్తే రెండు మూడు అంగుళాలు జారి మళ్లీ ఆగాలి. జరజరా నేలదాకా జారిపోతే కేసు మీది బుల్లి స్క్రూని పావు చుట్టు బిగించండి. అది సరిచేశాకే పై టెన్షన్. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా పడుతుంటే తప్పు కింద ఉందనుకుని అందరూ బాబిన్‌తో కుస్తీ పడతారు. అడుగున ఉచ్చులు పడితే లోపం పై దారంలో ఉంటుంది, ఎక్కించడం తప్పింది, లేదా పై టెన్షన్ వదులైంది. పైన ఉచ్చులు పడితే కింద చూడాలి.

సూది, షటిల్ కలిసే టైమింగ్ జోలికి మాత్రం వెళ్లకండి. సూది ప్లేటుకి గట్టిగా కొట్టుకుని కడ్డీ కదిలితే తప్ప అది తనంత తాను మారదు. దానికి అనుభవం ఉన్న పాత మెకానిక్‌ని పట్టుకోండి, ప్రతి టౌన్‌లో ఒకాయన ఇంకా ఉంటాడు, తల మార్చమనే వాడు కాదు, మిషన్ కింద చెవి పెట్టి శబ్దం వినేవాడు.

స్టాండుకి అంత కష్టం ఉండదు. పెడల్ రెండు పక్కలా కోసుగా ఉండే స్క్రూల మీద ఊగుతుంది, ఊపు ఎక్కువై గడగడలాడుతుంటే వాటిని కొద్దిగా బిగించి నూనె వేయండి. పెడల్‌ని పెద్ద చక్రానికి కలిపే కడ్డీ పై కొస దగ్గర టక్ టక్ మంటే అక్కడ అరిగిందని, చాలా వాటికి అక్కడే సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. తోలు బెల్టు పాతదైతే మార్చేయండి, కొత్తది మొదట్లో సాగుతుంది కాబట్టి వారం తర్వాత ఒక ముక్క కోసి మళ్లీ క్లిప్పు వేయాల్సి వస్తుంది. పోత ఇనుము కాళ్లలో చీలిక ఉంటే వీధి వెల్డింగ్ షాపులో మామూలు వెల్డింగ్ చేయించకండి, పక్కనే ఇంకోచోట పగులుతుంది. బ్రేజింగ్, అంటే ఇత్తడి కరిగించి అతికే పని చేసే మనిషిని వెతకండి. చెక్కకి చెద ఉంటే ముందు దాని సంగతి చూడండి, ఇంట్లోకి తెచ్చాక కాదు.

మోటారు పెట్టాలా అన్నది మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు. అవసరమైతే పెట్టుకోండి, తలకి చిల్లు వేయకుండా, ఉన్న స్క్రూ రంధ్రానికే బిగించే బ్రాకెట్‌తో మాత్రమే. నాకడిగితే 15కె తొక్కుడులో ఉన్న సుఖం వేరు, ఒక్కొక్క కుట్టు మీ కాలి అదుపులో ఉంటుంది, కరెంటు లేకపోయినా ఆగదు. యంత్రాలంటే అంత అభ్యంతరం ఉన్న గాంధీజీ 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషన్‌ని మాత్రం మినహాయించారు. ఇంట్లో మనిషి శ్రమ తగ్గించి, మనిషి చేతిలోనే ఉండే యంత్రం కదా. కరెంటుతో వచ్చిన పాతవి, 201కె, 99కె లాంటివి దొరికితే ప్లగ్గు పెట్టే ముందు వైర్లు వంచి చూడండి. రబ్బరు తొడుగు బిరుసెక్కి పొడిలా రాలితే వైరింగ్ మొత్తం మార్చాకే స్విచ్ వేయాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి పాత సామాన్ల అమ్మకాల్లో ముచ్చటైన చిన్న సింగర్ మిషన్, ఫెదర్‌వెయిట్ కొని సూట్‌కేసులో తెస్తుంటారు. అది 110 వోల్టులది, తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇక్కడి 230కి తగిలిస్తే మోటారు కాలిపోతుంది.

విలువ గురించి. మీ ఇంటి చుట్టూ తిరుగుతున్న ఆయన ఎంత ఇస్తానన్నాడో రాయలేదు. స్టాండు కోసం తిరిగేవాళ్లు ఉన్నారు, ఆ ఇనుప కాళ్ల మీద గాజు పలక వేసి కాఫీ షాపుల్లో బల్లలుగా పెడతారు. తలని మాత్రమే అడుగుతున్నాడంటే, అదీ లక్షల్లో మాట్లాడితే, జాగ్రత్త. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్లలో 'రెడ్ మెర్క్యురీ' అనే ఏదో విలువైన పదార్థం ఉందని పుకారు పుట్టి జనం వాటి కోసం ఎగబడ్డారు, ధరలు ఆకాశానికి వెళ్లాయి. లోపల అలాంటిదేమీ లేదు, ఉండదు. మన దగ్గర రైస్ పుల్లింగ్ చెంబు పేరుతో జరిగే మోసం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, 'పరీక్ష చేయించడానికి' మీ దగ్గరే ముందు డబ్బు అడుగుతారు. నిజానికి 15కె లక్షల సంఖ్యలో తయారైంది, అరుదైనది కాదు. పనిచేసే స్థితిలో, అసలు రంగుతో, అసలు డిజైన్లతో, డ్రాయర్లతో, ఫుట్‌ల డబ్బాతో ఉంటే ఇష్టపడి కొనేవాళ్లు మంచి ధరే ఇస్తారు. అయినా అమ్మి తెచ్చుకునే డబ్బుకి ఇంత గట్టి కుట్టు వేసే కొత్త మిషన్ రాదని నా అభిప్రాయం.

సేకరణ మొదలుపెట్టాలనే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. ఒకే రకం తలలు పది పోగేయకండి. కుట్టుకోవడానికి ఒక 15కె, చూసి మురిసిపోవడానికి పడవ షటిల్ 28కె ఒకటి, అదృష్టం ఉంటే 201కె. 1951లో సింగర్ కంపెనీ వందేళ్ల పండగకి వేసిన నీలి అంచు బిళ్ల ఉన్నది దొరికితే వదలకండి, ఆ బిళ్ల మీద 1851-1951 అని ఉంటుంది. 66కె కొంటే బాబిన్ల సంగతి గుర్తుంచుకోండి, దాని బాబిన్ పక్కలు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి, 15ది చదునుగా ఉంటుంది, దాంట్లోది దీంట్లో వేస్తే షటిల్ పాడవుతుంది. కొన్నవాటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టొద్దు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలికి లోపల చెమ్మ పట్టి అక్కడే తుప్పు మొదలవుతుంది. నూలు దుప్పటి కప్పి, నెలకోసారి ఊరికే తొక్కి, చుక్క నూనె వేస్తే చాలు.

మీరు ఈ వారం చేయవలసింది ఇంతే: నడుమ స్క్రూ వదులు చేసి చక్రం పరీక్ష, షటిల్ గాడిలో దారం కోసం వెతకడం, ఆ తర్వాత కిరోసిన్. కదిలాక మొదటిసారి తొక్కేటప్పుడు దారం లేకుండా, ఫుట్ ఎత్తి తొక్కండి, చక్రం పైభాగం ఎప్పుడూ మీ వైపుకే తిరగాలి. వెనక్కి తిరిగితే దారం మళ్లీ షటిల్లో ఇరుక్కుంటుంది. కాలు అలవాటయ్యేదాకా చేత్తో చక్రాన్ని మీ వైపుకి ఒక తోపు ఇచ్చి ఆ ఊపులో పెడల్ అందుకోండి.